పులికాట్‌లో ఫ్లెమింగోలు దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతున్నాయి, ఫోటో ఎలా తీయాలి?

లెన్స్ సంగతి తర్వాత, ముందు పక్షి మెడ చూడండి. ఫ్లెమింగో నిశ్చింతగా మేసేటప్పుడు తల బాగా కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో ఉంచి బురదనీటిని వడగట్టుకుంటుంది. మేత ఆపి, మెడలు నిటారుగా ఎత్తి, గుంపంతా ఒకే వైపు నడవడం మొదలుపెట్టిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేసినట్టే. అక్కడే ఆగి కూర్చోండి. కాసేపటికి చాలావరకు మళ్లీ మేతలో పడతాయి. సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు సరస్సు మీదుగానే వెళ్తుంది. నడిచొచ్చే మనిషికి బెదిరినంతగా ఆగి ఉన్న కారుకు బెదరవు కాబట్టి అందులోంచే తీయడం నయం. ఎగిరే పక్షికి షటర్ స్పీడ్ 1/2000 సెకను దగ్గర పెట్టండి. ఎగరడం కోసం చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు, అది మాత్రం వద్దు. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) గూళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త: తల్లి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ చిక్కుతాయి.