శనివారం జనరేటర్ గురించి, మా చిట్టితల్లికి

విశాఖపట్నం

చిట్టితల్లీ,

శ్రీకాకుళంలో 100 పడకల ఆసుపత్రికి నువ్వు క్వాలిటీ మేనేజర్‌గా వెళ్తున్నావని, ఏడాదిలో ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు, అదే ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే జాతీయ గుర్తింపు, తెప్పించే పని నీ మీదే పెట్టారని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. నా స్టెతస్కోప్ మెళ్లో వేసుకుని ఇల్లంతా తిరిగిన పిల్లవి. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. తుఫాన్లొచ్చే అక్టోబరుకి ఇంకా నాలుగు నెలలే ఉంది కదా.

ఫైర్ ఎన్‌ఓసీ, లిఫ్టు లైసెన్సు, బయోమెడికల్ వేస్ట్ అనుమతి, వీటన్నిటి గడువు తేదీలూ ఒక కాగితం మీద రాసి నీ బల్ల ఎదుట అంటించుకో. గుర్తింపు కోసం తనిఖీ చేసే అసెసర్లు వచ్చినప్పుడు ఆయాలనీ వార్డుబాయ్‌లనీ కూడా ఆపి అడుగుతారు. అందుకని కోడ్ రెడ్ అంటే, అదే మంటలు లేచాయన్న హెచ్చరిక వినిపిస్తే, ఏం చెయ్యాలో వాళ్లకి తెలుగులో నేర్పించు. మిగతాదంతా నువ్వు చదువుకున్నదే.

నేను చెప్పాల్సింది రిజిస్టర్ల గురించి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడిన రోజు. అప్పట్లో నేను పనిచేసే ఆసుపత్రిలో ప్రతి శనివారం జనరేటర్ 10 నిమిషాలు నడిపి, రిజిస్టర్‌లో ‘ఓకే’ అని రాసేవాళ్లు. సేఫ్టీ కమిటీ తరఫున కింద సంతకం నాది. లోడ్ మీద, అంటే ఆసుపత్రి కరెంటు భారమంతా దాని మీద వేసి నడిపారా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. వెంటిలేటర్ బ్యాటరీల షీటూ అంతే, తెచ్చి ముందు పెడితే సంతకం పెట్టేదాన్ని.

ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. మధ్యాహ్నం గాలికి ఐసీయూ కిటికీ అద్దాలు పగిలితే మంచాలు కారిడార్‌లోకి లాగాం. సాయంత్రానికి ఫోన్లు పనిచెయ్యడం మానేశాయి. రాత్రి 2 గంటలకి జనరేటర్ ఆగిపోయింది. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఫిల్టర్‌లో అడ్డుపడింది. గంటలకొద్దీ నడిచి డీజిల్ అడుక్కి దిగితే గానీ ఆ మడ్డి కదలదు. శనివారం నడిపే 10 నిమిషాల్లో అది ఎలా తెలుస్తుంది? స్పేర్ ఫిల్టర్లు రెండున్నాయని రిజిస్టర్‌లో ఉంది. స్టోర్ తాళంచెవి గాజువాకలో స్టోర్‌కీపర్ ఇంట్లో ఉంది. రోడ్ల నిండా చెట్లు. తాళం పగలగొట్టాం. లోపల ఒక్కటే ఫిల్టర్ ఉంది, అదీ ఎప్పుడో అమ్మేసిన పాత జనరేటర్‌ది.

ముగ్గురు వెంటిలేటర్ మీద ఉన్నారు. బ్యాటరీ అరగంట వస్తుందని షీటులో ఉంది. మూడో మంచం దగ్గరది 7 నిమిషాలకే ఆరిపోయింది. ట్యూబుకి చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ తగిలించాం. మాకు చేతులు చాలడం లేదు. ఆ పేషెంటు కూతురు, 18 ఏళ్లుంటాయేమో, ముందుకొచ్చి ‘నేను చేస్తానండీ’ అంది. ఒకసారి నొక్కి, ఐదు లెక్కపెట్టి, మళ్లీ నొక్కమని చూపించాను. ఎలక్ట్రీషియన్ టార్చి వెలుగులో మడ్డి పట్టిన ఫిల్టర్‌నే డీజిల్‌తో కడిగి మళ్లీ బిగించేసరికి 40 నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ పిల్ల పైకే లెక్కపెడుతూ నొక్కింది. ఇంకెవరైనా చేస్తామన్నా ఇవ్వలేదు. నేను ఇప్పటికీ పొయ్యి దగ్గర నిలబడితే ఐదేసి లెక్కపెట్టుకుంటాను.

ఆయన బతికాడు. డిశ్చార్జి రోజున తండ్రీకూతుళ్లిద్దరూ నాకు దండం పెట్టి, ‘మీ చలవేనమ్మా’ అన్నారు. ఆ షీటు మీద సంతకం నాదేనని నేను చెప్పలేకపోయాను. ఇన్నేళ్లలో మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నీకు మొహమాటం ఎక్కువ. ‘అంతా చూశాం మేడమ్, సంతకం పెట్టండి’ అంటే పెట్టేస్తావు. ఆ గుణం నా నుంచే వచ్చింది, నిన్నేమని తిట్టను? కానీ ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండు తల్లీ. ఆపరేషన్లు లేని పూట చూసి, ఐసీయూ వాళ్లకి ముందే చెప్పి, మెయిన్ ఆపించి, ఆసుపత్రి మొత్తం జనరేటర్ మీద కనీసం అరగంట నడిపించు. ట్యాంకు అడుగు కడిగించు. పేషెంటు లేని వెంటిలేటర్ ప్లగ్గు తీసి, గడియారం పట్టుకుని పక్కనే కూర్చో. స్పేర్ ఫిల్టర్ చేత్తో తీసి ఆ జనరేటర్‌కి సరిపోతుందో లేదో చూడు. స్టోర్ రెండో తాళంచెవి నైట్ డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండాలి. మాక్ డ్రిల్ అందరూ ఉండే పగటిపూట కాదు, ఒక్కసారైనా రాత్రి 2 గంటలకి పెట్టు. కోప్పడతారు, పడనీ.

ఐదేళ్ల ప్రణాళిక కూడా నువ్వే రాయాలట. యాజమాన్యం ముందు గుండె రక్తనాళాలకి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్ అంటుంది. అదీ కావాల్సిందే. కానీ అక్కడికి ఉద్దానం నుంచి కిడ్నీ పేషెంట్లు వస్తారు. ఒక్కొక్కరికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చెయ్యాలి. ఒక్కసారికి శుద్ధి చేసిన నీళ్లే దాదాపు 120 లీటర్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. డయాలసిస్ మాత్రం అన్ని రోజులు ఆగదు కదా. అందుకని జనరేటర్ సామర్థ్యం లెక్కేసేటప్పుడు ఆ నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటునీ కలుపు. తుఫాను హెచ్చరిక రాగానే ఎవరెవరిని ముందే పిలిచి డయాలసిస్ చేసేయాలో పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద ఉంచు. కంప్యూటర్‌ని నమ్ముకోవద్దు. జనరేటర్‌ని సెల్లార్‌లో పెట్టనివ్వకు, వరద నీళ్లు ముందు చేరేది అక్కడికే. పాత పరుపులు, అట్టపెట్టెలు కూడా సెల్లార్‌లో ఉండకూడదు. 2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక ఆసుపత్రి సెల్లార్‌లో మంటలు లేచి, పొగ పై అంతస్తులకి ఎక్కి దాదాపు 90 మంది పోయారు. చాలామంది మంచం మీద నుంచి లేవలేని పేషెంట్లే.

మీ అమ్మతో ఈ ఏటి ఆవకాయ పంపిస్తున్నాను. పని ఉందని మధ్యాహ్నం అన్నం మానెయ్యకు, నీకు పిత్తం చేస్తుంది. చేరిన మొదటి శనివారం జనరేటర్‌ని లోడ్ మీద నడిపించి, ఎంతసేపు నడిచిందో నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ