ఇండియానా పల్లెటూరి హైస్కూళ్ళ కౌంటీ లీగులు ఎందుకు పోయాయి?

ప్రశ్న: "ఇండియానాలో ఒకప్పుడు చిన్న హైస్కూళ్ళకి కౌంటీల వారీగా బాస్కెట్‌బాల్ లీగులుండేవట. రాష్ట్ర టోర్నమెంటుని నాలుగు క్లాసులుగా విడగొట్టడం వల్లే అవి పోయాయా?"

కాదండీ. ఆ నాలుగు క్లాసులు, అంటే పిల్లల సంఖ్యని బట్టి స్కూళ్ళకి విడివిడి పోటీలు, 1998 టోర్నమెంటుకి వచ్చాయి. అప్పటికి కౌంటీ లీగుల్లో చాలావాటికి తద్దినాలు పెట్టడం కూడా మానేశారు. పన్నెండో రోజు భోజనానికొచ్చిన డాక్టర్ని పట్టుకుని నువ్వే చంపావంటే ఎలా? చంపింది 1959లో ఆ రాష్ట్రం చేసిన స్కూళ్ళ విలీనం చట్టం. ఎక్కడో చదివి చెప్పట్లేదు, అలా మూతపడ్డ ఓ స్కూలు జిమ్‌లో నిలబడి విన్నాను.

మేం పద్నాలుగేళ్ళు కొలంబస్‌లో ఉన్నాం. ఒహాయో కొలంబస్ కాదు, ఇండియానాది. (మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలందరికీ ఒహాయో అనే చెబుతుంది, నేను దిద్దడం మానేశాను.) కమిన్స్ ఇంజన్ల కంపెనీ పుణ్యమా అని అక్కడ మనవాళ్ళు బాగానే ఉంటారు. మనవాళ్ళు ఇల్లు కొనాలంటే ముందు చూసేది స్కూలు రేటింగు. పదికి ఎనిమిది లేకపోతే ఆ వీధిలోకి కారు కూడా తిప్పరు. నేనూ ఆ బాపతే. అందుకని పల్లె బాస్కెట్‌బాల్ సంగతులు నా చెవిన పడే అవకాశమే లేదు. పడిందంటే నాతో పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన చలవ.

ఆయన హైస్కూలు 1962లో అయిపోయింది. 2015 ఫిబ్రవరిలో ఓ శనివారం, గట్టి చలి, "మా స్కూలు చూపిస్తా రా" అని తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య ఎర్ర ఇటుకల కట్టడం. తాళంచెవి పక్క పొలం రైతు దగ్గరుంది. లోపల విత్తనాల బస్తాలు, ట్రెయిలర్ మీద ఓ పాత పడవ, వాటి కింద మేపుల్ చెక్క నేల. ఒక కొసన నాటకాలేసే స్టేజి. రెండో కొసన బుట్ట వెనక మూడడుగులకే గోడ. పరిగెత్తుకొచ్చి బంతి వేసినవాడు ఆగలేకపోతే గోడకి కొట్టుకోవడమే, అందుకని ఓ పరుపు మేకులేసి కొట్టారు. అందులో దూదిని ఎలుకలు పీకేశాయి.

ఆయన నా చేత రెండు బస్తాలు జరిపించి, కాలితో దుమ్ము తుడిచి, ఫ్రీ త్రో గీత వెతుక్కుని దాని మీద నిలబడ్డాడు. కౌంటీ టోర్నమెంటు సెమీఫైనల్, ఒక్క పాయింటు వెనక ఉన్నారు, చేతిలో రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసేవి, ఒక్కోదానికి ఒక్క పాయింటు). మొదటిది పడింది. రెండోది రింగు చుట్టూ తిరిగి బయటికొచ్చింది. ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్యనుంచి పైకి ఊపుతూ, బంతి లేకుండానే ఆ రెండో త్రో మళ్ళీ వేసి చూపించాడు. "ఎవరి మీద?" అన్నాను. "రోడ్డుకి అవతలివాళ్ళు" అన్నాడు. ఆ ఊరి పేరు మాత్రం ఆయన నోట రాలేదు.

అక్కడ టౌన్‌షిప్ అంటే మన మండలం కన్నా చిన్నది. పల్లెల్లో స్కూళ్ళు నడిపింది టౌన్‌షిప్ ట్రస్టీలే, చాలాచోట్ల పన్నెండో తరగతి దాకా. కౌంటీలో ఇలాంటి స్కూళ్ళు పదీ పన్నెండూ ఉంటే లీగు కోసం వేరే పాట్లేముంటాయి? శుక్రవారం రాత్రి పక్కూరితో ఆట, శనివారం పొద్దున అదే పక్కూరివాళ్ళతో ధాన్యం కాటా దగ్గర మాటల యుద్ధం.

1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాకి సైన్సు చదువుల బెంగ పట్టుకుంది. హార్వర్డ్‌కి అధ్యక్షుడిగా చేసిన జేమ్స్ కొనాంట్, ఏటా కనీసం వందమంది చదువు పూర్తిచేసి బయటికి రాని హైస్కూలు ఉండి లాభం లేదని 1959లో తేల్చేశాడు. నిజమే, పాతికమంది కోసం ఫిజిక్స్ అయ్యవారిని ఎవరు పెడతారు? నేను విలీనాన్ని పూర్తిగా తప్పుపట్టను. కానీ స్కూళ్ళు కలిపాక లీగులో ఆడేందుకు రెండో జట్టేది?

ఇక్కడ అందరూ మైలన్ అనే చిన్న ఊరి స్కూలు కథ ఎత్తుతారు. (మిలాన్ అంటే అక్కడ నవ్వుతారు. పక్కనున్న వర్సైల్స్‌ని కూడా వర్సేల్స్ అనాలి.) 1954లో 161 మంది పిల్లలున్న మైలన్, పదహారు వందల పైచిలుకున్న మన్సీ సెంట్రల్‌ని రాష్ట్ర టోర్నమెంటు ఫైనల్లో 32–30తో ఓడించడం, చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ బుట్టలో వేయడం. బాగుంది. కానీ అదే ఏడు మొదటి అంచెలో మైలన్ చేతిలో 83–36తో ఓడిన క్రాస్ ప్లెయిన్స్ గురించి ఎవరైనా అడిగారా? ఆ స్కూలు లేదు. తర్వాత ఓడిన ఆస్గుడ్, వర్సేల్స్ హైస్కూళ్ళూ లేవు. ఆస్గుడ్ పిల్లలిప్పుడు చదివే స్కూలు పేరు జాక్‌సెన్‌డెల్. జాక్సన్, సెంటర్, డెలవేర్ అనే మూడు టౌన్‌షిప్‌ల పేర్లు కత్తిరించి అతికించారు. అలాంటి పేరు పెట్టుకుని ఎవడు గొంతు చించుకుని అరుస్తాడు? 1938లో రాష్ట్ర టోర్నమెంటులో 787 స్కూళ్ళు ఆడితే, క్లాసుల్లేకుండా ఆడిన ఆఖరి ఏడాది 1997కి మిగిలింది 382. ఇక క్లాసుల మీద ఏడుపెందుకు?

మన ఆంధ్రాలో 2022లో జీవో 117 వచ్చి, మూడు నాలుగైదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలుపుతామన్నప్పుడు మా ఊరి వాట్సాప్ గ్రూపులో వారం రోజులు కొట్టుకున్నారు. దూరం గురించే అందరి గోలా. నాకేమో గ్రిగ్ పోటీలు గుర్తొచ్చాయి. కబడ్డీలో పక్కూరి హైస్కూలు చేతిలో ఓడి, డ్రిల్లు మాస్టారి వెనకాల తలలొంచుకుని చెరువుగట్టు మీదుగా నడిచొచ్చాం. ఆ సంగతి గ్రూపులో రాస్తే ఒకడు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

సరే, పెద్దాయన సంగతి. ఆయన చదువైన నాలుగేళ్ళకి ఆ స్కూలు మూసి, రోడ్డుకి అవతలివాళ్ళతోనే కలిపారు. కప్పులు కొత్త స్కూలువాళ్ళు చోటు లేదంటే, అట్టపెట్టెల్లో సర్ది ఎవరి బేస్‌మెంట్‌కి వాళ్ళు మోసుకుపోయారు. ఆయన తమ్ముడు ఆ ఏడు అవతలివాళ్ళతో కలిసి ఒకే జెర్సీ వేసుకుని ఆడాడు. "ఒక్క ఆటకి కూడా వెళ్ళలేదు" అన్నాడు పెద్దాయన తాళం వేస్తూ.

తిరిగొస్తుంటే ట్రక్కులో గ్యాసు ముల్లు అడుగుకొచ్చింది. ఎదురుగా బంకు కనిపిస్తోంది, నేను వేలెత్తి చూపించాను. ఆయన దాని వంక చూడకుండా ఇంకో తొమ్మిది మైళ్ళు పోనిచ్చాడు. ఆ బంకు రోడ్డుకి అవతల ఉంది.