చైనా జానపదం, చరిత్ర కలిపి చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

చైనా జానపద కథలు, చరిత్ర, సంస్కృతి మీద పని చేసిన పండితుల్లో ముందు ఎవర్ని చదవాలి, చైనీస్ రాకపోయినా కుదురుతుందా అని అడిగారు కదా. చరిత్రకారుడూ జానపద పరిశోధకుడూ అయిన గు జియెగాంగ్‌ని చదవండి. ఎందుకంటే నాకున్న ఒక సందేహం ఆయన దగ్గరే తీరింది.

టియాంజిన్‌లో ఎంబీబీఎస్ చదివేటప్పుడు మాకు భాష నేర్పే మేడమ్ ఒకరోజు మెంగ్ జియాంగ్‌న్యూ కథ చెప్పారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. గ్రేట్ వాల్ కట్టడానికి చక్రవర్తి చిన్ షి హువాంగ్ మనుషులు ఆమె భర్తని పట్టుకుపోతారు. చలికాలం వస్తోందని బట్టలు కుట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, అతను చనిపోయాడనీ ఆ గోడలోనే పూడ్చేశారనీ తెలుస్తుంది. ఆమె ఏడుపుకి గోడ కూలి ఎముకలు బయటపడతాయి. మేడమ్ వాళ్ళది సుజౌ వైపు. ఆమె చెప్పినదాంట్లో భర్త పేరు వాన్ షిలియాంగ్. 'వాన్' అంటే పదివేలు. గోడ నిలవాలంటే పదివేలమందిని బలివ్వాలి, ఆ పేరున్నవాణ్ణి ఒక్కణ్ణి ఇస్తే చాలన్నారట. కొన్నాళ్ళకి ల్యాబ్‌లో పరిచయమైన షాన్‌డాంగ్ అబ్బాయి కాదు కాదు, భర్త పేరు ఫాన్ ఛిలియాంగ్ అన్నాడు. పైగా అమ్మాయి సొరకాయలోంచి పుట్టిందన్నాడు. మెంగ్ వాళ్ళు పెట్టిన సొరపాదు గోడ దాటి పక్కింటి జియాంగ్ వాళ్ళ వైపు కాసింది, కాయ కోస్తే లోపల పసిపాప, అందుకే రెండు ఇంటిపేర్లూ కలిపి పెట్టారట. ఇందులో ఏది అసలు కథ?

గు జియెగాంగ్ 1924లో ఈ కథ మీద రాసిన వ్యాసం గురించి తెలిశాక అసలు నేను అడుగుతున్న ప్రశ్నే తప్పని అర్థమైంది. ఆయన కథ వెంట వెనక్కి నడిచారు. క్రీ.పూ. 550 దగ్గర ఆగారు. అక్కడ గోడ లేదు, చిన్ షి హువాంగ్ లేడు (అతను సామ్రాజ్యం స్థాపించింది ఇంకో మూడు వందల ఏళ్ళ పైచిలుకు తర్వాత), చివరికి ఏడుపు కూడా లేదు. ఉన్నది ఇంతే: ఛి రాజ్యం సైనికుడు ఛి లియాంగ్ యుద్ధంలో చనిపోయాడు, తిరిగొస్తున్న రాజు ఊరి బయట అతని భార్య ఎదురైతే అక్కడే పరామర్శించబోయాడు, ఇలా దారిలో కాదు, పద్ధతి ప్రకారం ఇంటికొచ్చి పరామర్శించాలని ఆవిడ నిలదీసింది. రాజు ఇంటికెళ్ళాడు. మర్యాద తెలిసిన మనిషిగా పుస్తకాలకెక్కిన ఆ స్త్రీని తర్వాతి వాళ్ళు భర్త కోసం హృదయవిదారకంగా ఏడ్చిన ఆవిడగా చెప్పుకున్నారు. మనిషి దుఃఖానికి ప్రకృతి కూడా కదులుతుందని నమ్మిన హాన్ రాజవంశం కాలంలో ఆ ఏడుపుకి ఊరి కోటగోడ కూలింది. సరిహద్దు యుద్ధాలకి మగవాళ్ళు వెళ్ళిపోయి ఇంట్లో ఆడవాళ్ళు ఎదురుచూస్తూ గడిపిన, ఇంకా తర్వాతి టాంగ్ రాజవంశం కాలానికి వచ్చేసరికి ఆ కోటగోడే గ్రేట్ వాల్ అయింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేడమ్ చెప్పిందీ, ఆ అబ్బాయి చెప్పిందీ రెండూ అసలైనవే, ఏ కాలం వాళ్ళు, ఏ ఊరివాళ్ళు తమ బాధని అందులో పెట్టారో చూడాలి అంతే.

గు జియెగాంగ్ 1893లో సుజౌలో పుట్టారు. పెకింగ్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో నాటకాల పిచ్చి, ఒకే కథ ఒక్కో నాటకంలో ఒక్కోలా ఉండటం అప్పుడే గమనించారు. భార్య పోయి, నిద్ర పట్టక సుజౌలో ఇంటిపట్టున ఉన్న 1919లో పిల్లల నోటా ఇంట్లోవాళ్ళ నోటా వినే పాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. అదే చూపుతో ప్రాచీన చరిత్రనీ చూశారు. చైనా చరిత్ర మొదలైంది వీళ్ళతోనే అని నమ్మే పురాణకాలపు రాజుల్లో, పాత గ్రంథాల ప్రకారం అందరికంటే ముందువాడు యూ. కన్ఫ్యూషియస్ నాటికి అతనికంటే ముందు యావ్, షున్ వచ్చారు, తర్వాత వాళ్ళకంటే ముందు పసుపు చక్రవర్తి, హాన్ నాటికి ఇంకా ముందు, సృష్టి మొదట్లో ఉన్నాడనే పాన్‌గు. అంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇంకా పాత కాలంలో కూర్చున్నారు! 1923లో ఈ మాట బయటపెట్టినప్పుడు పెద్ద గొడవే అయింది.

నాకు ఇంకా ఇష్టమైన పని వేరే ఉంది. 1925లో యూనివర్సిటీ ఇచ్చిన 50 యువాన్లతో, ఇంకో నలుగురితో కలిసి బీజింగ్ దగ్గరి మియావ్‌ఫెంగ్ కొండ జాతరకి మూడు రోజులు వెళ్ళారు. దారి పొడవునా భక్త సంఘాలు అంటించిన నోటీసులు కాపీ చేసుకున్నారు: టీ పోసేది ఎవరు, గంజి పెట్టేది ఎవరు, తెగిన చెప్పులు కుట్టిచ్చేది ఎవరు. మన జాతరల్లో చలివేంద్రాల దగ్గర కట్టే బ్యానర్లని ఓ చరిత్ర ప్రొఫెసర్ కూర్చుని రాసుకున్నట్టు ఊహించుకోండి.

భాష రాకపోయినా ఇబ్బంది లేదు. ప్రాచీన చరిత్ర మీద చర్చలతో వేసిన 'గుషి బియాన్' సంకలనానికి ఆయన రాసిన ఆత్మకథలాంటి పెద్ద ముందుమాటని ఆర్థర్ హమ్మెల్ 1931లోనే ఇంగ్లీషులోకి తెచ్చారు, ముందు అది చదవండి. తర్వాత విల్ట్ ఇడెమా అనువదించిన మెంగ్ జియాంగ్‌న్యూ కథ పది రూపాలు.

ఎప్పుడైనా చైనా వెళ్తే, గ్రేట్ వాల్ సముద్రాన్ని తాకే షాన్‌హైగ్వాన్ దగ్గరున్న మెంగ్ జియాంగ్‌న్యూ గుడి చూడండి. మెట్లెక్కి పైకి వెళ్తే తలుపుకి అటూ ఇటూ ఒక జంట పద్యపాదం ఉంటుంది. ఒకవైపు సముద్రం గురించి, అందులో ఒకే అక్షరం వరసగా ఏడుసార్లు. దాన్ని 'జావ్' అని చదివితే ఉదయం, 'చావ్' అని చదివితే సముద్రపు పోటు. నేను వెళ్ళిన రోజు అక్కడ ఒక తాతగారు మనవరాలికి వేలు పెట్టి చూపిస్తూ ఒకలా విరిచి చదివారు, పక్కనున్న ఇంకొకాయన అలా కాదని ఇంకోలా చదివారు. మీరూ అక్కడ ఇద్దరు ముగ్గురిని అడిగి చదివించుకోండి.