కాంటెస్ట్‌లో మనం వేసుకున్న స్కోరు ఫలితాల్లో ఎందుకు తగ్గుతుంది?

ముందు మీ ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు అర్థమవుతుంది. కూకట్‌పల్లిలో మీ ఇంటి నుంచి మొదటిసారి సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్ట్, ఎస్‌ఎస్‌బీ (అంటే మాటలతో చేసే) విభాగంలో పాల్గొన్నారు. ఇది హ్యామ్ రేడియో, అంటే అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల పోటీ; వీలైనన్ని స్టేషన్లతో రేడియోలో మాట్లాడాలి, ఒక్కో సంభాషణ ఒక కాంటాక్టు. 216 కాంటాక్టులు చేశారు. కాంటాక్టుల జాబితా (లాగ్) రాసే లాగింగ్ సాఫ్ట్‌వేర్ 62,140 స్కోరు చూపించింది. ఫలితాల్లో 55,245 అని వచ్చింది. చెకింగ్ రిపోర్టులో ఉన్నవి ఏడే తప్పులు. ఏడు తప్పులకు దాదాపు ఏడు వేలు పోతాయా, దీని మీద అభ్యంతరం చెప్పవచ్చా, వచ్చేసారి అనుమానంగా ఉన్న కాంటాక్టులను ముందే తీసేసి పంపాలా అని అడిగారు.

మీరు పెట్టిన రిపోర్టు చూసి కాగితం మీద నేనూ లెక్క వేశాను. వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. ఎలాగో వివరంగా చెబుతాను, ఎందుకంటే నా మొదటి రిపోర్టు చూసుకున్న రోజు నాకు కూడా ఎవరో అన్యాయం చేసినట్టే అనిపించింది. సంగతి అర్థమయ్యాక రేడియో వినే పద్ధతే మారిపోయింది.

ముందు పాయింట్లు. ఈ కాంటెస్ట్‌లో వేరే ఖండం వాళ్లతో మాట్లాడితే 3 పాయింట్లు, మన ఆసియాలోనే వేరే దేశమైతే 1, మన దేశంలోని స్టేషన్‌తో అయితే సున్నా. సున్నా అయినా ఒక్కో బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీల శ్రేణిలో) ఒక్క వీయూ, అంటే మన దేశపు, స్టేషన్‌తోనైనా మాట్లాడాలి, అది ఇండియా అనే దేశాన్నీ 22వ జోన్‌నీ (కాంటెస్ట్ కోసం ప్రపంచాన్ని విభజించిన భాగాల్లో మనది) మల్టిప్లయర్లుగా ఇస్తుంది. మీరు అలాంటివి రెండు చేశారు, మంచి పని. మిగతావాటిలో 132 కాంటాక్టులు మూడేసి పాయింట్లవి, 82 ఒక్కో పాయింటువి. మొత్తం 478. మల్టిప్లయర్లు, అంటే బ్యాండ్‌కి విడివిడిగా లెక్కపెట్టే జోన్లు, దేశాలు కలిపి 130. 478ని 130తో గుణిస్తే మీ 62,140.

ఇక్కడ గుణకారం ఉందని గుర్తుపెట్టుకోండి. ఒక్క పాయింటు పోతే స్కోరులో 130 పోతుంది.

ఇప్పుడు చెకింగ్. చాలామంది ఎవరో కూర్చుని మన లాగ్ చదివి టిక్కులు పెడతారనుకుంటారు. అది కాదు. ప్రపంచమంతా పంపిన వేల లాగ్‌లను ఒకచోట చేర్చి, మీ ప్రతి కాంటాక్టునూ అవతలి స్టేషన్ లాగ్‌లో సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. అదే బ్యాండ్‌లో, దాదాపు అదే సమయానికి, మీ కాల్‌సైన్ (స్టేషన్‌ని గుర్తించే అక్షరాలు, అంకెలు) అక్కడ ఉందా? అతను పంపిన జోన్ మీరు రాసినదేనా? రెండు వైపులా కలిస్తేనే ఆ కాంటాక్టు నిలబడుతుంది. అవతలివాళ్లు లాగ్ పంపకపోతే? ఆ కాల్‌సైన్ ఇంకా ఎంతమంది లాగ్‌లలో ఉందో చూస్తారు. పదిమంది రాసుకున్న కాల్‌సైన్ అయితే ఇబ్బంది లేదు. మీ ఒక్కరి లాగ్‌లోనే ఉంటే దాన్ని యూనిక్ అంటారు. యూనిక్ అయినంత మాత్రాన తీసేయరు. కానీ ఒక్క అక్షరం తేడాతో మరో స్టేషన్ అదే సమయానికి మిమ్మల్ని తన లాగ్‌లో రాసుకుని ఉంటే, మీరు తప్పు విన్నారని తేలిపోతుంది. దాన్నే బస్టెడ్ కాల్ అంటాం. అలా తేలినప్పుడు అవతలివాడికి నష్టం ఉండదు, అతను సరిగ్గానే రాశాడు కదా.

బస్టెడ్ కాల్‌కి, నాట్ ఇన్ లాగ్‌కి (అవతలి లాగ్‌లో మీ కాంటాక్టు లేకపోవడానికి) శిక్ష ఒకటే. ఆ కాంటాక్టు పాయింట్లు పోతాయి, దానికి రెండింతలు అదనంగా కోస్తారు. 3 పాయింట్ల కాంటాక్టు తప్పయితే 9 పోతాయన్నమాట. జోన్ తప్పు రాస్తే మాత్రం ఆ కాంటాక్టు ఒక్కటే పోతుంది, అదనపు కోత లేదు.

మీ ఏడూ చూద్దాం. యూరప్ బస్టెడ్ కాల్స్ మూడు, 27 పాయింట్లు. నాట్ ఇన్ లాగ్ రెండు, ఒకటి కెన్యా, ఒకటి జపాన్. కెన్యాకి 9, జపాన్‌కి 3, కలిపి 12. జోన్ తప్పులు రెండు, అమెరికాకి 3, ఆసియా వైపు రష్యాకి 1, కలిపి 4. మొత్తం 43. 478లో 43 తీస్తే 435. మల్టిప్లయర్లలో మూడు పోయి 127 మిగిలాయి. 435ని 127తో గుణించండి, 55,245. నూటికి మూడు కాంటాక్టుల్లో తప్పు జరిగితే నూటికి పదకొండు వంతుల స్కోరు పోయింది.

మరి శిక్ష ఇంత గట్టిగా ఎందుకు? నాకు తెలిసినంతలో ఇది చాలా న్యాయమైన నియమం. కోత లేకపోతే సగం విని, మిగతా సగం ఊహించి రాసుకుంటూ పోవడమే లాభం. తగిలితే 3, తగలకపోతే సున్నా. ఇప్పుడు అలా కాదు. తగిలితే 3 వస్తాయి, తప్పితే చేతిలో ఉన్నవాటిలోంచి 6 పోతాయి. మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ నమ్మకం ఉంటే తప్ప ఊహించి రాయడం నష్టమే. అదే ఇంకోసారి "అగైన్ ప్లీజ్" అని అడిగితే ఐదు సెకన్లు పడుతుంది, అంతే.

ఆ మూడు బస్టెడ్ కాల్స్‌లో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. స్లొవేకియా స్టేషన్‌ని మీరు బెల్జియం అని రాశారు. స్లొవేకియా కాల్‌సైన్లు ఓఎంతో మొదలవుతాయి, బెల్జియంవి ఓఎన్‌తో. అవతలివాడు ఫొనెటిక్స్ (ఎం అంటే మైక్, ఎన్ అంటే నవంబర్ లాంటి పదాలు) వాడకుండా గబగబా అక్షరాలు చెప్పేస్తే ఎం, ఎన్ ఒకేలా వినపడతాయి. మన అపార్ట్‌మెంట్ల నాయిస్‌లో అయితే చెప్పక్కర్లేదు. కానీ మీరు పట్టుకోగలిగిన ఆధారం ఒకటి అక్కడే ఉంది. బెల్జియం అని టైప్ చేయగానే సాఫ్ట్‌వేర్ తనంతట తానే జోన్ 14 అని నింపేసింది. అతను మాత్రం "ఫైవ్ నైన్ వన్ ఫైవ్" (సిగ్నల్ రిపోర్టు 59, తర్వాత జోన్ 15) అనే చెప్పి ఉంటాడు, స్లొవేకియా 15వ జోన్‌లో ఉంది కాబట్టి. ఆ 15 మీ చెవిన పడి ఉంటే కాల్‌సైనే తప్పు విన్నామని ఆ క్షణంలోనే తెలిసేది. సాఫ్ట్‌వేర్ నింపిన జోన్‌ని చూడకండి, వినండి. మీ అమెరికా, రష్యా తప్పులు కూడా ఇలా జరిగినవే. అమెరికాలో కాల్‌సైన్‌లోని అంకె చూసి మనిషి ఎక్కడున్నాడో చెప్పలేం, ఇల్లు మారినా పాత కాల్‌సైన్ ఉంచుకోవచ్చు.

కెన్యాది బాధ కలిగించేదే. ఆ బ్యాండ్‌లో మీకు కెన్యా అదొక్కటే, 37వ జోన్ కూడా అదొక్కటే. 9 పాయింట్లతో పాటు రెండు మల్టిప్లయర్లు పోయాయి, ఆ ఒక్క కాంటాక్టు విలువ 2,108. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచేటప్పుడు) ఎక్కువగా ఏం జరుగుతుందంటే, అతను మరో వీయూ స్టేషన్‌కి జవాబిస్తాడు. మనకు "వీయూ" వరకే వినపడుతుంది, మనల్నే అనుకుని "ఫైవ్ నైన్ ట్వెంటీ టూ" అనేస్తాం. అతను "థాంక్యూ" అన్నా అది మనకు కాదు. అతను మన కాల్‌సైన్ పూర్తిగా చెప్పడం వినకపోతే ఆ కాంటాక్టు అయినట్టు కాదు. అలాంటప్పుడు నేను మళ్లీ పిలుస్తాను. డూప్ (అదే స్టేషన్‌తో అదే బ్యాండ్‌లో రెండోసారి) అయినా ఫర్వాలేదు, డూప్‌లకు కోత లేదు. డూప్‌లను లాగ్‌లోంచి తీసేయకండి కూడా.

నా అనుభవం ఒకటి చెప్పాలి. సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో మోర్స్ నేర్చుకునే రోజుల్లో నాకు ఒక పెద్దాయన పరిచయమయ్యారు. కాంటెస్ట్‌లంటే ఏమిటో చెప్పింది ఆయనే. మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా కట్టడానికి కూడా ఆయనే వచ్చారు. ఆ ఏడాది కాంటెస్ట్ దీపావళి రోజుల్లో పడింది. ప్రతి బాల్కనీకీ సీరియల్ బల్బులు. సాయంత్రం ఆరయ్యేసరికి 40 మీటర్ల బ్యాండ్ నిండా బుస్సుమనే నాయిస్, బలమైన స్టేషన్లు తప్ప ఏవీ వినపడలేదు. అర్ధరాత్రి దాటి బల్బులు ఆరిపోయాక కూర్చుని తెల్లారేదాకా చేశాను. అక్కడ రాసుకున్న వాటిలో పది పన్నెండు మీద నాకే నమ్మకం లేదు.

సోమవారం ఉదయం ఐదున్నరకు కాంటెస్ట్ అయిపోయింది. లాగ్ పంపడానికి ఐదు రోజుల గడువు ఉంది. ఆ మధ్యాహ్నం కూర్చుని అనుమానంగా ఉన్న కాల్‌సైన్లను ఇంటర్నెట్‌లో వెతికాను. లేని కాల్‌సైన్ ఒకటి దొరికింది, దానికి దగ్గరగా ఉన్న మరొకటి కనపడింది, మార్చేశాను. అలా నాలుగు మార్చాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు, శుభ్రం చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "నీకు వినపడింది రాశావా, వెతికితే దొరికింది రాశావా?"

"సార్, కరెక్ట్ కాల్‌సైనే కదా" అన్నాను.

"కరెక్టే కావచ్చు. నువ్వు దాన్ని వినలేదు కదా" అన్నారు.

నియమాల్లో అది స్పష్టంగానే ఉంది. కాంటెస్ట్ అయ్యాక డేటాబేస్‌లు, రికార్డింగులు, ఈమెయిళ్లు, ఏ దారిలోనూ కాల్‌సైన్లు గానీ ఎక్స్‌చేంజ్ (అవతలివాళ్లు పంపిన రిపోర్టు, జోన్) గానీ సరిదిద్దకూడదు. ఆ నాలుగూ తిరిగి పాతవే పెట్టి పంపాను. నాలుగింట్లో మూడు బస్టెడ్‌గా వచ్చాయి. ఆ కోత చూసినప్పుడు బాధగానే ఉంది, కానీ ఆ స్కోరు పూర్తిగా నాది.

ఇక మీ చివరి ప్రశ్న, అనుమానం ఉన్నవాటిని ముందే తీసేయడం. దయచేసి తీసేయకండి. మీరు తీసేసినవాటిలో నిజంగా జరిగిన కాంటాక్టు ఉంటే, అవతలి మనిషి లాగ్‌లో మీ కాల్‌సైన్ ఉంటుంది, మీ లాగ్‌లో అతనిది ఉండదు. అతనికి నాట్ ఇన్ లాగ్ పడుతుంది. మీ జాగ్రత్తకు అతను మూల్యం చెల్లిస్తాడు. దీనికి లాగ్ పంపే కబ్రిల్లో ఫైల్‌లోనే దారి ఉంది. ప్రతి కాంటాక్టు వరుస క్యూఎస్ఓ అని మొదలవుతుంది కదా, దాని ముందు ఎక్స్, ఒక హైఫన్ చేర్చితే చాలు. అది మీ స్కోరులోకి రాదు, మీకు కోత పడదు, అవతలివాడికి మాత్రం అతని పాయింట్లు దక్కుతాయి.

ఇంకో రెండు విషయాలు త్వరగా చెప్పేస్తాను. రేడియోని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి. ఒకసారి నా కేబుల్ ఊడిపోయింది, చూసుకోలేదు. రేడియో 15 మీటర్లకు వెళ్లింది, లాగ్ 20 మీటర్లలోనే ఉండిపోయింది. వరుసగా పదకొండు కాంటాక్టులు తప్పు బ్యాండ్‌లో పడ్డాయి, ఒక్కటీ దక్కలేదు. రెండోది గడియారం. లాగ్‌లో టైమ్ యూటీసీలో ఉండాలి, మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక. ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ సెట్టింగ్ తప్పుగా ఉన్నా గోడ గడియారంతో సరిపోయేలా టైమ్ మార్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల లాగ్‌లో టైమ్ మొత్తం జరిగిపోతుంది. శనివారం పొద్దున మొదటి కాంటాక్టు రాయగానే ఒకసారి చూసుకుంటే చాలు.

పది కాంటాక్టులే చేసినా లాగ్ పంపండి. పోటీ వద్దనుకుంటే చెక్‌లాగ్‌గా (ఇతరుల లాగ్‌లు సరిచూడటానికి మాత్రమే) పంపండి. మీ లాగ్ లేకపోతే మీతో మాట్లాడినవాళ్ల కాంటాక్టులను నేరుగా సరిచూసే వీలు ఉండదు.

అభ్యంతరం చెప్పడం గురించి: మీ రిపోర్టులో నాకు అందుకు కారణమేదీ కనపడలేదు. కెన్యా ఒక్కటే మీకు మనసులో గుచ్చుకుంటోందని అర్థమైంది. ఫలితాలు వచ్చాక ఈ కాంటెస్ట్ లాగ్‌లు అందరూ చూసేలా పెడతారు. ఆ కెన్యా స్టేషన్ లాగ్ తెరిచి, మీరు కాంటాక్టు రాసుకున్న నిమిషం దగ్గర చూడండి. అక్కడ వీయూతో మొదలయ్యే మరో కాల్‌సైన్ ఉందో లేదో చూసి ఇక్కడ చెప్పండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

73 (శుభాకాంక్షలు)