వానలయ్యాక రొయ్యల చెరువు: 10 కిలోల సోడాతో ఎందుకు తేరుకోలేదు?

ప్రశ్న: మాది ఒడిశా గంజాం జిల్లా సునాపూర్ దగ్గర. ఎకరం చెరువులో 1.6 లక్షల వనామీ రొయ్య పిల్లలు (సీడ్) వేశాం. ఇప్పటికి 72 రోజులు, కౌంట్ 75 (కిలోకు 75 రొయ్యలు). నీళ్లు 4 అడుగులు, నీటికి గాలి పట్టించే 2 హెచ్‌పీ ఏరేటర్లు రెండున్నాయి. రోజుకు 45 కిలోల మేత వేస్తున్నాం. అల్పపీడనం వానలకు సెలినిటీ (నీటి ఉప్పదనం) వెయ్యికి 15 నుంచి 12కు పడిపోయింది. ఎండ కాసినప్పటి నుంచి నీళ్లు ముదురు పచ్చగా మారాయి. పీహెచ్ పొద్దున 7.6, మధ్యాహ్నం 8.9. ల్యాబ్‌లో ఆల్కలినిటీ 80, అమ్మోనియా 0.8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వచ్చింది. తెల్లారగట్ల రొయ్యలు గట్టు వారనే తేలుతున్నాయి, పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. అమ్మోనియాను పట్టుకుంటుందని జియోలైట్ ఖనిజం 20 కిలోలు, వంటసోడా 10 కిలోలు వేశాం, గుణం లేదు. పచ్చదనం పోవడానికి బీకేసీ అనే క్రిమిసంహారక మందు కొట్టమని షాపులో అంటున్నారు. కొట్టొచ్చా? బాహుదా క్రీక్ నీళ్లు పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. బీకేసీ కొడితే పచ్చదనం పోతుంది, నిజమే. కానీ చచ్చిన పాచి అంతా ఒక్కసారిగా అడుగుకు చేరి కుళ్లుతుంది. ఇప్పుడు తెల్లారగట్ల తేలుతున్న రొయ్య అప్పుడు అర్ధరాత్రికే తేలుతుంది. ఇక క్రీక్‌లో ఇప్పుడు వరద నీరే ఉంటుంది. ఉప్పు తక్కువ, బురద ఎక్కువ. పైగా వానలకు జబ్బు తగిలిన చెరువుల వాళ్లు నీళ్లు వదిలేదీ అందులోకే. తెల్లమచ్చ వైరస్‌ను డబ్బు పెట్టి తోడుకున్నట్టవుతుంది. బ్లీచింగ్ చేసి నిలవ ఉంచిన రిజర్వాయర్ నీళ్లుంటే సరే, లేకపోతే ఉన్న నీటినే బాగు చేసుకోవాలి.

మీ చెరువులో రొయ్యకు రోజుకు రెండుసార్లు దెబ్బ తగులుతోంది. మధ్యాహ్నం పీహెచ్ 8.9 ఉన్నప్పుడు మీ 0.8 అమ్మోనియాలో దాదాపు మూడో వంతు విషరూపంలో ఉంటుంది. అదే అమ్మోనియా పొద్దున 7.6 దగ్గర నూటికి మూడు వంతులు మించి విషం కాదు. పొద్దుటి కష్టం వేరు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. అందుకే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు పట్టుకుని చూడాల్సింది పగలు కాదు, తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య, అదీ అడుగు నీటిలో. 4 పీపీఎం పైన ఉంటే నిశ్చింత. 3 కంటే తగ్గితే మేత తినదు, పొట్టు వదిలిన రొయ్య ముందు చస్తుంది.

పీహెచ్ ఇంతలా ఊగడానికి పాచి ఒక కారణమైతే, దాన్ని పట్టి ఉంచే ఆల్కలినిటీ లేకపోవడం రెండోది. వాన నీటిలో ఆల్కలినిటీ దాదాపు ఉండదు కాబట్టి ఉన్నది పలచబడింది. ఇక్కడ లెక్క ముఖ్యం. ఎకరం చెరువులో 4 అడుగుల నీరంటే సుమారు 4,930 ఘనపు మీటర్లు. అందులో ఆల్కలినిటీ 10 పీపీఎం పెరగాలంటే 80 కిలోల వంటసోడా కావాలి. మీరు వేసిన 10 కిలోలకు పెరిగింది ఒక్క పీపీఎం చిల్లర, ల్యాబ్ కిట్‌కు కూడా అందదు. 80 నుంచి 120కి తేవాలంటే 320 కిలోలు. ఒకేసారి కాదు, రాత్రి 9 తర్వాత 50 కిలోల చొప్పున నీళ్లలో కరిగించి, ఏరేటర్ల ముందు పోయండి. మూడు డోసుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి మిగతాది నిర్ణయించుకోండి. డోలమైట్, వ్యవసాయ సున్నం చవకే గాని పీహెచ్ 8.3 దాటిన నీటిలో అవి కరగవు, అడుగున కూర్చుంటాయి. వేస్తే రాత్రిపూటే. కాల్చిన సున్నం మాత్రం ఈ పరిస్థితిలో ముట్టుకోవద్దు, పీహెచ్‌ను ఇంకా ఎగదోసి అమ్మోనియాను విషం చేస్తుంది.

జియోలైట్ సంగతి చెప్పాలంటే, ఉప్పు నీటిలో అది అమ్మోనియా కంటే ముందు సోడియంతో నిండిపోతుంది. ఆ డబ్బుతో జనరేటర్‌కు డీజిల్ కొనుక్కోవచ్చు. ఆక్సిజన్ గుళికలూ అంతే. 10 కిలోలు చల్లితే చెరువు మొత్తం మీద 0.3 పీపీఎం కూడా పెరగదు. గట్టు వార తేలుతున్న చోట ప్రాణం నిలపడానికి తప్ప పనికిరావు.

మీ చెరువులో 80 శాతం బతికాయనుకుంటే 1,700 కిలోల రొయ్య ఉంది. 400 నుంచి 500 కిలోలకు ఒక హెచ్‌పీ ఏరేటర్ చొప్పున మీ 4 హెచ్‌పీ బొటాబొటీగా సరిపోతుంది. మబ్బు పట్టిన రోజుకు చాలదు. ఇంకో 2 హెచ్‌పీ అద్దెకైనా తెచ్చి పెట్టండి. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా అన్నీ ఆడాలి, కరెంటు పోతే జనరేటర్ వెంటనే వేసుకోవాలి. వాన పడుతున్నప్పుడు పగలు కూడా ఆపకండి. ఆపితే తేలికైన మంచి నీరు పైన, ఉప్పు నీరు కింద పొరలుగా నిలిచి అడుగుకు ఆక్సిజన్ అందదు. మళ్లీ వాన వస్తే తూము పై పలకలు తీసి పై నీటిని మాత్రమే పోనివ్వండి.

మేత వారం పాటు 30 కిలోలకు దించండి. పాచికి బలం వచ్చేది ఎక్కువగా తినకుండా మిగిలిన మేత, రొయ్యల రెట్ట నుంచే. గాలికి ఒక మూలకు చేరిన పాచి తెట్టును మధ్యాహ్నం సన్నకన్ను వలతో తోడేయండి. నీటి తేటదనం చూసే సెక్కీ డిస్క్ (నలుపు తెలుపు బిళ్ల) 30 సెంటీమీటర్ల లోతు దాకా కనిపించే వరకూ ఇదే పద్ధతి. అమ్మోనియాకు బెల్లం మడ్డి పోయమని ఎవరైనా చెబుతారు. సూక్ష్మజీవులు దాన్ని తినేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తాయి. పొద్దుటి డీఓ 4 దాటి నిలబడ్డాకే, అదీ ఎండలో పొద్దున 9, 10 గంటలకు 10, 15 కిలోలతో మొదలుపెట్టండి.

మెత్తదనం విషయానికి వస్తే, సెలినిటీ ఒక్కసారి పడితే రొయ్యలు ఒకేసారి పొట్టు వదులుతాయి. కొత్త పొట్టు గట్టిపడాలంటే ఖనిజాలు కావాలి. 12 సెలినిటీకి సముద్రపు నీటి పాళ్లలో పొటాషియం 130, మెగ్నీషియం 440, కాల్షియం 140 పీపీఎం దాకా ఉండాలి. ముందు ల్యాబ్‌లో చూపించండి. పొటాషియం 10 పీపీఎం లోటుంటే మీ చెరువుకు తెల్ల పొటాష్ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) 100 కిలోలు పడుతుంది, రెండు మూడు రాత్రులకు పంచి వేయండి. షాపు మినరల్ మిక్స్ 5 కిలోల సంచితో ఆ లోటు తీరదు.

ఇంత చేసినా వరసగా మూడు రోజులు తెల్లవారుజామున డీఓ 3 దాటకపోతే 400, 500 కిలోలు పట్టి అమ్మేయండి, మిగిలినవి తేరుకుంటాయి. పట్టే ముందు విసురు వల వేసి 100 రొయ్యలు నొక్కి చూడండి. మెత్తవి 5కు మించి ఉంటే ఇంకో రెండు మూడు రోజులు ఏరేటర్లతో నెట్టుకురండి, మెత్త రొయ్యకు కొనేవాడు సగం ధర కడతాడు.