గుండెపోటు అని అనుమానం ఉన్నా 108కి ఫోన్ చెయ్యడానికి ఎందుకు తాత్సారం చేస్తారు?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పెదనాన్న విషయంలో నేను కళ్లారా చూసిందే చెబుతాను. నొప్పి వచ్చిన మనిషి నోట 'గుండె' అన్న మాట రాదు, 'గ్యాస్' అనే వస్తుంది. పక్కనున్నవాళ్లు ఆ మాటే పట్టుకుంటారు.

దాళ్వా కోతల రోజులు. రాత్రి అన్నం తిన్న కాసేపటికి ఛాతీ మధ్యలో పట్టేసినట్టుందన్నారు. పెద్దమ్మ వాము నమిలించింది, నాన్న సోడా తెచ్చారు. ఫ్యాన్ కిందే ఉన్నా చెమటకు బనియన్ ఒంటికి అతుక్కుపోయింది. ఆయన అది విప్పి దండెం మీద ఆరేసి, ఇంకోటి తొడుక్కుని, "పొద్దున్నే కోత మిషను వస్తుంది, ఆ పని అయ్యాక చూద్దాం" అన్నారు. దవడ లాగుతోందని పెద్దమ్మకు మాత్రం చెప్పారట. 108 పిలుద్దామంటే, సైరన్‌కి ఊరంతా లేస్తుందని కసిరారు. నాన్న తమ్ముడు కదా, అన్నగారి మాటకు ఎదురు చెప్పలేకపోయారు. పెద్దమ్మేమో హైదరాబాదులో ఉన్న కొడుకుని అడగందే కదలనంది. అతను ఫోన్ ఎత్తలేదు. తెల్లవారుజామున, ఆశా కార్యకర్తగా చేసే పక్కింటావిడ వచ్చి, ఆయన మొహం చూసి, ఎవర్నీ అడగకుండా ఫోన్ చేసింది.

ప్రాణం దక్కింది. గుండె నాళంలో రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు, తరవాత స్టెంట్ వేశారు. కానీ అప్పటికే కొంత కండరం చచ్చిపోయి పంపింగ్ పడిపోయింది. ఇప్పుడు చేను గట్టుదాకా నడిచినా ఆయాసమే.

ఆ ఇంజెక్షన్ సాధారణంగా 12 గంటల లోపు ఇస్తారు, అయితే మొదటి రెండు గంటల్లో పడితే వచ్చే మేలే వేరు. షుగర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి ఒక్కోసారి ఛాతీ నొప్పే ఉండదు. ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం ఉంటాయి, అందుకే వాళ్ల విషయంలో ఇంకా ఆలస్యమవుతుంది. గోదావరి మధ్య లంకల్లో వాళ్లయితే పడవలో రేవు దాటాకే అంబులెన్సు ఎక్కాలి, కాబట్టి చూద్దాంలే అని కూర్చునే వీలే లేదు.

మా వైపు మనిషిని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లిపోతారు. దారిలో గుండె ఆగితే ఏం చెయ్యగలరు? 108 మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, లోపల ఆక్సిజన్, చూసుకునే టెక్నీషియన్ ఉంటారు.

దయచేసి నొప్పి పడుతున్న మనిషిని "పిలవమంటారా?" అని అడగకండి. వద్దనే అంటారు. చెమటలు పట్టి, నొప్పి దవడకో చేతికో పాకుతుంటే మీరే ఫోన్ చేసెయ్యండి. ఆయన్ని నడవనివ్వకండి. ఒకరు టార్చ్ పట్టుకుని రోడ్డు మీద నిలబడండి, రాత్రిపూట కాలవగట్టు సందుల్లో ఇల్లు వెతుక్కోవడం డ్రైవర్‌కి చాలా కష్టం.