ఏడుగురు ఒప్పాలు, ఒక అన్నయ్య

"నాకు 20 ఏళ్లు. డిగ్రీ మూడో సంవత్సరం. ఇంటర్ నుంచి కొరియా పాటల బృందం బీటీఎస్ అంటే ప్రాణం, ఆ ఏడుగురూ. మా ఫ్యాన్ గ్రూపులో ఒకటే గొడవ. పాటలు విని ఊరుకునేవాళ్లు ఫ్యాన్సే కాదు, భాషా చరిత్రా తెలియాలని కొందరు. మనది కాని కల్చర్‌ని ఒంటికి పూసుకోవడం ఉత్త వేషమని ఇంకొందరు. మా అన్నయ్య పెనుకొండ వైపు కొరియా వాళ్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మేనత్త వాళ్లు వచ్చినప్పుడు అందరి ముందూ 'వాళ్ల కింద పనిచేస్తే నీ కొరియా పిచ్చి వదులుతుంది' అన్నాడు. 'నట్లు బిగించేవాడికి కల్చర్ గురించి ఏం తెలుసు' అన్నాను. మూడు నెలలుగా మాటల్లేవు. అది వదిలేయండి. నేను కొరియన్ కల్చర్ లోతుగా తెలుసుకోవాలా, పాటల దగ్గరే ఆగాలా?"
– ఒక పాఠకురాలు, అనంతపురం

తల్లీ, నీ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. నేర్చుకో. కొరియన్ లిపిలో ఉన్నవి 24 మూల అక్షరాలు, కుదురుగా కూర్చుంటే కొద్ది రోజుల పని. కొరియా రాజు సెజోంగ్ 1446లో ఆ లిపిని ప్రకటించిందే చైనా అక్షరాలు చదవలేని మామూలు జనం కోసం. దానికి మీ గ్రూపు వాళ్లు గేటు దగ్గర కాపలా కాయడమేమిటి? వాక్యం చివర క్రియ మనకు లాగే. నాన్నని అప్పా అంటారు, సరిహద్దు దాటితే తమిళులూ అదే అంటారు. 2019లో కియా కార్లు రావడం మొదలయ్యాక పెనుకొండ దారిలో కొరియన్ బోర్డులు వెలిశాయి కదా, ముందు వాటిని కూడబలుక్కుని చదువు. అయిపోయింది నీ ప్రశ్న.

"అది వదిలేయండి" అన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను.

నీ ఉత్తరం ఇక్కడ కుదించి వేశాను. మొత్తంలో ఒప్పా అనే మాట పదకొండుసార్లు ఉంది, లెక్కపెట్టాను. ఆ మాటకు అసలు అర్థం నాకంటే నీకే బాగా తెలుసు. ఆడపిల్ల తన అన్నని పిలిచే పిలుపు అది. మగపిల్లాడైతే హ్యోంగ్ అంటాడు. నీ పేరైనా తెలియని ఏడుగురిని అన్నా అన్నా అని పిలుస్తున్నావు, తప్పేమీ లేదు, అభిమానం అలాగే ఉంటుంది. కానీ లోపల ఎవరి బొమ్మ ఉన్న ఫొటోకార్డు వస్తుందో తెలియదని ఒకే ఆల్బమ్ మూడు కొన్నావే, డబ్బిచ్చింది ఎవరు? డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరాల్సినవాడు నీ ఫీజు కోసం ఉద్యోగంలో చేరాడని కూడా నువ్వే రాశావు. బ్రాకెట్లో రాశావు.

చేసే పనిని చులకన చేస్తే నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోను. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఎంత రుద్దినా ఆయన గోళ్ల కింద గ్రీజు పోయేది కాదు. ఆ చేతులతోనే నా పరీక్ష ఫీజు లెక్కపెట్టి ఇచ్చేవాడు.

మీ అన్నయ్యనీ వెనకేసుకు రాను. నలుగురిలో చెల్లెల్ని అలా ఎగతాళి చేయడం తప్పు, కావాలంటే ఈ ముక్క అతనికి చూపించు. అయితే అతను వెక్కిరించింది నీ సరదాని. నువ్వు తీసిపారేసింది అతని బతుకుతెరువుని.

పైగా నువ్వు లోతుగా తెలుసుకోవాలనుకుంటున్న కల్చర్‌లోకి అతను రోజూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్తున్నాడు. వయసును బట్టి మాట మార్చడం, పెద్దవాళ్లకు రెండు చేతులతో అందించడం, సీనియర్ ముందు జూనియర్ ఒదిగి ఉండడం, ఇవన్నీ వీడియోల్లో చూసి నువ్వు మురిసిపోతావు. షిఫ్టులో తల వంచుకుని నిలబడేవాడికి అదే పద్ధతి ఇంకోలా తగలొచ్చు. మీ ఒప్పాల్లో చాలామంది ఏడాదిన్నర సైన్యంలో చేసి వచ్చారు కదా, పై అధికారి మాట అంటే ఏమిటో వాళ్లనడిగినా చెబుతారు. మీ అన్నయ్య ఆ రోజు అన్నది కూడా అదేనేమో. చెప్పడం రాక వెటకారంగా అన్నాడు. మగపిల్లలు కష్టం చెప్పుకునే తీరు మన ఇళ్లలో ఇలాగే ఏడుస్తుంది.

"అన్నయ్య తిన్నాడా" అని అమ్మని అడగడం ఇవాళ్టితో మానెయ్. ఆవిడకి ఈ రాయబారాలు ఎందుకు? ఇకమీద ఆల్బమ్‌లు నీ సంపాదనతో కొనుక్కో, వీధిలో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబితే వస్తాయి డబ్బులు.

షిఫ్టు లేని రోజు చూసి అతనికి నువ్వే అన్నం పెట్టు. ఆ రోజు నేనన్న మాట తప్పు అని ఒక్కసారి చెప్పు, ఉపన్యాసం వద్దు, ఏడుపులు వద్దు. తర్వాత కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చో. ఫ్యాక్టరీలో చెవిన పడే మాటలు చెప్పమను, అర్థాలు నువ్వు రాసివ్వు. మొదటిది "పల్లి పల్లి" అయ్యుంటుంది, త్వరగా త్వరగా అని. మీ అనంతపురంలో సెనక్కాయలంటారు గానీ, హైదరాబాద్ వాళ్లు వింటే పల్లీలు అమ్మకానికొచ్చాయనుకుంటారు. మొదటి రోజు ఆ మాట విని మీ అన్నయ్య ఏమనుకున్నాడో అడుగు.